బ్రేకు వేసినా నిదానంగా ఆగిన మిషను

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. మాది కోనసీమ. చిన్నప్పుడు మా అమ్మమ్మ కాలవ గట్టు దెయ్యం కథ మొదలుపెడితే, మధ్యలో ప్రశ్నలు వేసి ఆవిడకు విసుగు తెప్పించేదాన్ని. శుక్రవారం ప్రార్థనకు వెళ్తాను, అంతవరకే. ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న మనిషిని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మస్కట్‌లో అజైబా దగ్గర ఒక ల్యాబ్‌లో నా డ్యూటీ. కిడ్నీ మార్పిడికి ముందు, ఇచ్చేవాళ్ల రక్తంలోంచి రోగనిరోధక కణాలు వేరుచేసి, తీసుకునేవాళ్లకు అవి సరిపడతాయో లేదో చూస్తాం. గొట్టంలో పాకం లాంటి ద్రవం పోసి, దాని మీద రక్తాన్ని మెల్లగా పరచి, మిషన్‌లో ఇరవై నిమిషాలు గిరగిరా తిప్పుతాం. ఎర్ర కణాలు అడుక్కి దిగిపోతాయి. మధ్యలో పల్చటి తెల్లటి వలయం నిలుస్తుంది. మాకు కావలసిన కణాలు అందులోనే ఉంటాయి. దాన్ని జాగ్రత్తగా పీల్చి తీసి, టీ, బీ అనే రెండు రకాల కణాలను అయస్కాంతపు పూసలతో వేరుచేస్తాం.

ఈ పనిలో మరచిపోకూడనిది ఒకటే. మిషను బ్రేకు తీసేసి ఉంచాలి. అది తనంతట తాను ఎనిమిది నిమిషాల్లో ఆగాలి. బ్రేకు ఉంటే నిమిషంలో ఆగిపోతుంది, ఆ కుదుపుకి వలయం చెదిరి అంతా కలిసిపోతుంది.

రెండు గంటల దూరంలోని బహ్లా ఊరి ఆసుపత్రి నుంచి రక్తం తెచ్చే డ్రైవర్ ఓబులేసు గారిది కడప వైపు. యాభై దాటిన మనిషి. రక్తం గొట్టాలున్న డబ్బాను పక్కసీట్లో పెట్టి బెల్టు కూడా కట్టేవాడు. ఖాళీ డబ్బా తిరిగిచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చునేవాడు. చిన్న కూతురు ఊళ్లో ల్యాబ్ కోర్సు చదువుతోందని నా పని గురించి అన్నీ అడిగేవాడు. బ్రేకు సంగతి చెబితే తెగ సంబరపడ్డాడు.

"నేను గూడా బహ్లా నుంచి బ్రేకు కొట్టకుండా తెచ్చినా మ్మా, రక్తం కదల్లా," అనేవాడు ప్రతిసారీ.

ఒక గురువారం, అంతకుముందు వేరే పరీక్షకు బ్రేకు పెట్టి, తీయడం మరచిపోయాను. సీబ్‌లో స్కూలు వదిలే టైమవుతోంది, పాపను తెచ్చుకోవాలి. నా మనసంతా అక్కడే ఉంది. మూత తీసేసరికి గొట్టం నిండా ఎర్రటి మడ్డి. తమ్ముడికి కిడ్నీ ఇవ్వబోతున్న ఒక అక్క రక్తం అది.

నిజం రాయలేదు. నా కాంట్రాక్టు రెన్యువల్‌కి నెల కూడా లేదు. కారణం రాసేచోట "రవాణాలో వేడి తగిలి పాడైంది" అని రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆవిడ మళ్లీ రక్తం ఇచ్చింది. ఆపరేషన్ పది రోజులు వెనక్కి పోయినా బాగానే జరిగింది. ఓబులేసు గారిని మాత్రం వాళ్ల కంపెనీ మూడు వారాల్లో ఇంటికి పంపేసింది. వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చాడట. పనుందని చెప్పించి నేను బయటికి రాలేదు.

రెండు నెలలు గడిచాయి. ఒక సోమవారం మధ్యాహ్నం మళ్లీ బహ్లా రక్తమే వచ్చింది, కొత్త డ్రైవర్ తెచ్చాడు. మళ్లీ అదే తప్పు చేశాను. ఇరవై నిమిషాలు అయ్యాయని గంట మోగాక గుర్తొచ్చి పరుగెత్తాను. తెర మీద బ్రేకు తొమ్మిది అని కనిపిస్తోంది, అంటే పూర్తిగా వేసి ఉంది. అప్పటికి చేయగలిగిందేమీ లేదు.

మిషను ఆగలేదు. సన్నగా మూలుగుతూ, తగ్గుతూ, ఇంకా తిరుగుతూనే ఉంది. గోడ గడియారం చూశాను, పన్నెండూ పది. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. ఎందుకో తలుపు అద్దంలోంచి బెంచీ వైపు చూడాలనిపించింది. ఖాళీగా ఉంది. మిషను పూర్తిగా ఆగేసరికి పన్నెండూ పద్దెనిమిది.

మూత తీశాను. తెల్లటి వలయం గీత గీసినట్టు నిలిచి ఉంది. తెర మీద బ్రేకు ఇంకా తొమ్మిదే.

ఇంజనీరును పిలిపించాను. అదే బ్రేకుతో మూడుసార్లు తిప్పి చూశాడు. మూడుసార్లూ నిమిషంలోపే ఆగింది. మిషన్‌లో ఏ లోపమూ లేదని రాసిచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రమే ఓబులేసు గారి వాట్సాప్‌కి ఫోన్ చేశాను. ఆయనకేమైనా అయిందేమోనని భయపడ్డాను. రెండో రింగుకే ఎత్తాడు.

"ఏం మ్మా, బాగుండావా? పాప బాగుందా?"

ఏడుపు ఆగలేదు. "ఆ రోజు బ్రేకు తీయకుండా తిప్పింది నేనేనండి, ఓబులేసు గారూ. మీ తప్పేం లేదండి," అన్నాను.



"ఆ పొద్దే తెలుసు మ్మా. బయట బెంచీ మీదనే ఉంటి గదా. మిషను గబుక్కున నిలబడె. బిడ్డ తల్లివి, ఏంటికిలే అని గమ్మునుంటి."

మర్నాడే జరిగిందంతా ఇన్‌ఛార్జ్ మేడంకి రాసిచ్చాను. నాకు ఒక మెమో ఇచ్చి ఊరుకున్నారు. ఆయన కంపెనీకి కూడా లెటర్ పంపించాం. ఆ ఉద్యోగంలో వేరే మనిషి చేరిపోయాడని జవాబొచ్చింది.

ఆ సోమవారం మిషను ఎనిమిది నిమిషాలు ఎందుకు తిరిగిందో ఇంజనీరూ చెప్పలేకపోయాడు, నేనూ చెప్పలేను. దెయ్యమని అనడానికి చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. నా వల్ల ఉద్యోగం పోగొట్టుకుని, నా గుట్టు దాచి, కడపలో బతికే ఉన్న మనిషి ఒకడున్నాడు. ఫోన్ పెట్టేముందు ఆయన అన్న మాట మాత్రం మిషను దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ వినిపిస్తుంది.

"మా చిన్నదానికి గూడా చెప్పినా మ్మా, నువ్వు చెప్పిందే. ఆ మిషనుకు బ్రేకు వేయగూడదని."