వంగని బండి

మా చిన్న మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసి చెబితే, నేను ముందుగా అన్న మాట, "బండి మీద ఉండగానేనా అత్తా?"

"కాదే. మద్దేన్నం తిని మంచం మీద ఒరిగినాడు. టీ ఎట్టి లేపితే లెగనేదు" అంది.

ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. నలభై నాలుగేళ్ల దాన్ని, విజయనగరంలో డిగ్రీ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పుకుంటూ బతుకుతున్న దాన్ని. అమ్మ తమ్ముడు పోయాడంటే అడగాల్సింది అదా? కానీ ఆ ప్రశ్న నాలుగైదేళ్లుగా నాలోపల కాచుకునే ఉంది. ఆయన్ని రెండు చక్రాల బండి మీంచి దింపి మూడు చక్రాల బండి ఎక్కించింది నేనే. ఏదో ఒకరోజు ఆ బండే ఆయన మీద పడుతుందని, ఆ పాపం నాదవుతుందని భయపడుతూ ఉండేదాన్ని. పడలేదు. మంచం మీద, నిద్రలో వెళ్లిపోయాడు. అయినా నా గుండె కుదుటపడలేదు. దెబ్బ తగలకుండా కాపాడాను సరే, ఆ కాపాడటంలో ఆయన దగ్గర్నుంచి ఏం లాక్కున్నాను అన్నది మిగిలిపోయింది. ఇది రాస్తే తేలుతుందేమోనని రాస్తున్నాను. తేలకపోవచ్చు కూడా.

మాది సముద్రం ఒడ్డు ఊరు. తాత తెప్ప మీద వేటకి వెళ్లేవాడు. మావయ్యకి మాత్రం సముద్రం పడలేదు. తెప్ప ఎక్కితే చాలు, కడుపులో తిప్పేసి వాంతి. వేట ఇళ్లలో అది చిన్న అవమానం కాదు. అందుకని చేపలు పట్టే పని అన్నలకి వదిలేసి, అమ్మే పని తను ఎత్తుకున్నాడు. తెల్లారకముందే ఒడ్డున వేలం పాటలో సరుకు కొనడం, ఐసు పెట్టెలో సర్ది మోటారు సైకిల్ వెనక కట్టుకోవడం, నరసన్నపేట దాటి లోపలి వరి ఊళ్లన్నీ తిరిగి మధ్యాహ్నానికి ఖాళీ పెట్టెతో రావడం. ముప్పై ఏళ్లు అదే దారి. సముద్రం మీద తిరిగిన కడుపు మలుపుల్లో తిరగదా అని ఒకసారి అడిగాను.

"అక్కడ ఊపేది అది. ఇక్కడ ఊపేది నాను" అన్నాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఆయన వెనకే కూర్చుని రోడ్డు దాకా వెళ్లేదాన్ని. ఐసు పెట్టె నా వీపుకి చల్లగా తగిలేది. జడలోని పూల వాసన, నెత్తళ్ల చేపల వాసన కలిసిపోయి, ఏది నాదో ఏది పెట్టెదో తెలిసేది కాదు. మొదట్లో మలుపు వస్తే చాలు, పడిపోతామని భయపడి రెండో పక్కకి బిగుసుకునేదాన్ని. ఆయనకి ఒళ్లు మండేది. "నానెటు ఒంగితే నువ్వూ అటే ఒంగు. నీ బుర్ర ఇంటికాడ ఎట్టీసి రా, గుంటా" అనేవాడు. ఆయనకి నేను ఎప్పటికీ గుంటనే, చిన్నపిల్లనే. మొన్న మొన్నటిదాకా, నా జుట్టు సగం నెరిశాక కూడా.

కొన్ని వారాలకి బుర్ర ఇంటి దగ్గర పెట్టడం వచ్చింది. సరుగుడు తోటల మధ్య పొగమంచులో బండి ఎడమకి ఒరిగేది. దానితో ఆయన భుజం, ఆయన భుజంతో నేను. వరిచేలు పళ్లెంలో నీళ్లలా ఒక పక్కకి వాలి, మళ్లీ నెమ్మదిగా సర్దుకునేవి. ఎవరు నడుపుతున్నారో, ఎవరు కూర్చున్నారో, బండి ఎక్కడ అయిపోయి మనుషులు ఎక్కడ మొదలయ్యారో తెలిసేది కాదు. తర్వాత ఎన్నో ఏళ్లు ఆ ఒరగడాన్నే నల్లబల్ల మీద బాణాలు గీసి, కోణాలు వేసి చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, మార్కులు తెచ్చుకున్నారు. వాళ్లకి నేను నిజంగా ఏమైనా చెప్పానా అని ఇప్పటికీ అనుమానమే.

మావయ్యకి కొన్ని అలవాట్లుండేవి. ఇంటికి రాగానే తను కాళ్లు కడుక్కోకముందు బండిని మంచినీళ్లతో కడిగేవాడు. ఉప్పుగాలి ఇనుముని ఊరికే వదలదని ఆయన నమ్మకం. బేరం మొదలెట్టకముందే పెట్టెలో ఏది ఈరోజుదో ఏది నిన్నటిదో తనే చెప్పేసేవాడు. అలా చెబితే నిన్నటిది ఎవరు కొంటారని అత్త కసిరేది. "అడిగినాక సెప్తే అది నిజం కాదే, దొరికిపోడం" అనేవాడు. ఆ మాట నేను జీవితంలో చాలాసార్లు వాడుకున్నాను, ఎక్కడిదో చెప్పకుండా.

రాష్ట్రం విడిపోయిన ఏడాది ఎండాకాలంలో ఆయనకి ఎడమ పక్క చచ్చుబడింది. మూతి తిరిగి సర్దుకుంది, చెయ్యి వచ్చింది, కాలు సగమే వచ్చింది. మూడు నెలలు గడిచాయో లేదో అత్త మాట వినకుండా బండి తీశాడు. పరుగులో ఉన్నంతసేపు ఏమీ కాలేదు. ఎప్పుడూ వెళ్లే ఊళ్లో, ఎప్పుడూ కొనే ఒక రైతు గుమ్మం ముందు బండి ఆపి ఎడమ కాలు నేల మీద పెట్టాడు. పెట్టెతో సహా ఆ బరువుని మోకాలు ఆపలేకపోయింది. మనిషీ బండీ కానాగంత చేపలూ అన్నీ దుమ్ములో పడ్డాయి.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చేపల్ని ఒక్కొక్కటే ఏరి బోరింగు దగ్గర కడిగి పెట్టెలో వేశారు. ఆవేళ శనివారం. శనివారం నీసు ముట్టని ఇళ్లవాళ్లు కూడా తలా కాసిన్ని కొన్నారు. పెట్టె అక్కడికక్కడే ఖాళీ అయిపోయింది. ఈ సంగతి చెబుతూ అత్త వాళ్ల మంచితనానికి కళ్లు తుడుచుకుంది. మావయ్య గోడకేసి తిరిగి పడుకున్నాడు.

"జాలికి కొన్నారే. సేపకి కొననేదు" అన్నాడు.

ఆ తర్వాత బండి ముట్టుకోలేదు. అత్త దాన్ని అమ్మేద్దామంది. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన అరుగు మీద, రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. మా వీధి చివర చిన్న మలుపుంది. బళ్లు అక్కడ వేగం తగ్గించి తిరుగుతాయి. ఆయన చూడటం లేదు, చప్పుడే వింటున్నాడు. ఒక్కో బండి తిరిగినప్పుడల్లా ఆయన కుడి భుజం రవంత కిందికి దిగి మళ్లీ పైకి లేస్తోంది. అలా దిగుతోందని ఆయనకి తెలియదు. నేను చాలాసేపు చూశాను. ఆ మనిషిని మళ్లీ రోడ్డు మీదకి పంపకపోతే ఈ అరుగు మీదే అయిపోతాడనిపించింది.

నరసన్నపేటలో ఒక మెకానిక్ మోటారు సైకిల్ వెనక చక్రం తీసేసి, దాని చోట ఇరుసూ రెండు చక్రాలూ బిగించి, పైన తొట్టె కట్టి ఇస్తున్నాడని విన్నాను. ఆగినా కాలు పెట్టక్కర్లేదు. అత్త వద్దంటే వద్దంది. నేను కాగితం తీసి బొమ్మ వేశాను. మూడు కాళ్ల పీట ఎలాంటి నేల మీద పెట్టినా కదలదు కదా, ఇదీ అంతే, ఇది పడదు మావా అన్నాను. ఆయన ఆ బొమ్మని చాలాసేపు చూశాడు.

"మరి ఒంగుతాదేటి?"

"వంగక్కర్లేదు మావా."

అదేదో మేలు చేసినట్టు చెప్పాను. ఆయన అడిగిందేమిటో ఇప్పుడు వినిపిస్తోంది. అప్పుడు వినిపించలేదు.

మొదటి రోజు కోతలైపోయిన పొలాల మధ్య రోడ్డు మీదికి తీసుకెళ్లాం. నేను తొట్టెలో కూర్చున్నాను. తిన్నగా ఉన్నంతసేపు బాగానే సాగింది. ఎడమకి మలుపు వచ్చింది. ఆయన ఎడమకి వంగాడు. ఇరవై ఏళ్లు దాటాక కూడా, చెబుతున్నాను కదా, నా ఒళ్లు నన్ను అడక్కుండా ఆయనతోపాటు ఎడమకి వంగింది. బండి మాత్రం కుడికి తిరిగి, గట్టు దిగి, మళ్లలో ఆగింది.

దెబ్బలు తగల్లేదు. కోసిన వరి మొదళ్ల మధ్య, హేండిల్ వదలకుండా అలాగే కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

"ఇది నా మాట ఇనదే" అన్నాడు చివరికి, బండితో కాదు, నాతోనూ కాదు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాను. రెండు చక్రాల బండిని ఎడమకి తిప్పాలంటే మన చేతులు, మనకే తెలియకుండా, ముందు హేండిల్‌ని రవంత కుడికి తోస్తాయట. అప్పుడే బండి ఎడమకి ఒరుగుతుంది, ఒరిగి తిరుగుతుంది. మూడు చక్రాల బండికి ఒరగడం లేదు కాబట్టి, తోసిన వైపుకే పోతుంది. ముప్పై ఏళ్లు ఆయన్ని కాపాడిన చేతులే ఆయన్ని మళ్లలోకి దించాయి. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు ఈ సంగతి తెలియకపోవడం ఎలా సాధ్యం? ఫోన్ చేసి అంతా వివరించి, నీ చేతుల్ని నమ్మకు మావా అన్నాను.

"సేతుల్ని నమ్మకపోతే ఇంకేటి నమ్మాలే?" అన్నాడు.

నెలరోజులు ఆ బండి టార్పాలిన్ కింద ఉంది. ఆ రోజుల్లోనే అత్త, "నీ సదువొచ్చి మా కొంప మీద పడ్డాదే" అంది. నిజమే కదా అనిపించింది.

ఆ నెలాఖరులో, ఎవరి గుమ్మం ముందు ఆయన పడ్డాడో ఆ రైతు బస్సెక్కి మా ఊరొచ్చాడు. చేపలు రావడం లేదు, మనిషి ఉన్నాడో పోయాడో చూద్దామని. ఆయన డెబ్బై ఏళ్లవాడు. పుట్టాక సైకిలు కూడా తొక్కలేదు. ఎడ్లబండి తప్ప ఇంకోటి తెలీదు. టార్పాలిన్ ఎత్తి చూసి, ఎలా నడపాలో అడిగి, మావయ్య వద్దంటున్నా ఎక్కి కూర్చున్నాడట. ఇసక వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి, మలుపు తిరిగి, మళ్లీ తిరిగి వచ్చి గుమ్మం ముందు ఆపాడట. వీధివాళ్లంతా నోరు తెరుచుకుని చూశారు. మావయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు.

అత్త ఇది ఫోన్లో చెబుతూ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ ముసలాయన దిగి, మావయ్య వీపు మీద చరిచి అన్నాడట: "ఒరే తమ్ముడూ, ఎడ్లబండి తోలినప్పుడు నువ్వు ఒంగితే ఎద్దుకేటి తెలుస్తాది? ఎటెల్లాలో అటు పగ్గం లాగాల. అంతే."

నా పుస్తకాలు చెప్పలేనిది అది. చేతుల్ని నమ్మొద్దని నేను చెప్పాను. చేతులకి ఏం చెయ్యాలో ఆయన చెప్పాడు. వారం తిరక్కుండా మావయ్య ఒడ్డున పాటలో నిలబడ్డాడు. ఆ ఊళ్లో మొదటి రోజు ఆ రైతు చందువ చేప పట్టుకుని, ధర మరీ ఎక్కువ చెబుతున్నావని అరగంట పోట్లాడాడట. ఆ పోట్లాట గురించి చెప్పేటప్పుడు మావయ్య ముఖం చూడాలి మీరు. జాలికి కొనేవాడు అంతసేపు బేరమాడడు కదా.

అలా నాలుగేళ్లకి పైగా తిరిగాడు. నేను గెలిచాననుకున్నాను. కానీ ఒకసారి, ఎలా ఉంది మావా బండి అని అడిగితే, "రెండు సెక్రాల మీద నానే బండిని. ఇప్పుడు బండి బండే, నాను నానే" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. రోజూ చూసే వానా ఎండా గురించి చెప్పినట్టు అన్నాడు. అది విన్నప్పటి నుంచీ నాకు నిద్ర సరిగా లేదు. బతుకుతెరువు నిలబెట్టి, బతుకులో ఉన్న ఒక్క ఎగరడాన్ని కోసేశానా? అడగడానికి ధైర్యం రాక వాయిదా వేస్తూ వచ్చాను.

మొన్నటి చలికాలంలో, పొద్దున్నే నన్ను బస్సు దగ్గర దింపడానికి ఆయన బయలుదేరాడు. నేను తొట్టెలో ఐసు పెట్టె పక్కన. మంచు ఎంత దట్టంగా ఉందంటే, రోడ్డు మా ముందు అప్పుడే తయారై మేం దాటగానే చెరిగిపోతున్నట్టుంది. ఉప్పుటేరు మీద చిన్న వంతెన మధ్యలో ఆయన ఇంజను ఆపేశాడు. ఎందుకో తెలీదు. చప్పుడు ఆగిపోయేసరికి నాకు అడగడానికి నోరొచ్చింది. పాత బండే బాగుండేదా, నేను నీ చేత తప్పు చేయించానా అని అడిగేశాను.

"బాగుండేదే" అన్నాడు వెంటనే. నిన్నటి చేపని నిన్నటిదే అని చెప్పే గొంతుతో. "ఆ ఒంగుడు మరి రాదు."

ఆయన ఆ బలహీనమైన కాలుని రెండు చేతులతో ఎత్తి సీటు మీదికి మడుచుకున్నాడు. తర్వాత రెండోది. బండి మీద, వంతెన నడిమధ్య, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేల మీద ఒక్క కాలూ లేకపోయినా బండి కదల్లేదు.

"ముప్పై ఏళ్లు ఈ వంతెన దాటినాను గుంటా. కిందన నీళ్లెటు పోతాయో ఒక్కనాడూ సూడనేదు."

ఇద్దరం కిందికి చూశాం. సముద్రం పోటు మీద ఉన్నట్టుంది, ఏటి నీళ్లు వెనక్కి, ఊళ్లవైపు వస్తున్నాయి. ఒక ఎండు సరుగుడు కొమ్మ వంతెన కిందికి వచ్చి, కనబడకుండా పోయి, అవతల పక్క తేలింది. బస్సు దూరంగా హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆయన లేవలేదు, నేనూ తొందరపెట్టలేదు. ఒక కొంగ మంచులోంచి వచ్చి ఐసు పెట్టె మూత మీద వాలి, మా ఇద్దర్నీ ఒకసారి చూసి, తనూ నీళ్లకేసి తిరిగి నిలబడింది.