ఎండిన బండ ఫోటో

పొద్దున చిన్నాయన వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. ఎండిన నల్లబండ, దాని మీద నాలుగు ఎండుటాకులు. మే నెలలో బండ ఎండటంలో వింతేముంది అంటారేమో. నేను మాత్రం చాయ్ చల్లారేదాకా దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూశాను. వాసన చూడందే పాలు పొయ్యి మీద పెట్టని మనిషిని నేను. ఇది పాత ఫోటో ఏమోనని నా అనుమానం.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, బడిపంతులుగా చేశాడు. ఆదివారం చర్చి అయిపోగానే కెమెరా మెడలో వేసుకొని, నన్ను తోడు తీసుకొని, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటాక గుట్టల్లోకి నడిచేవాడు. పెద్ద అడవేం కాదు. మోదుగలు, తునికి చెట్లు, సీతాఫలం పొదలు. మధ్యలో రెండు నిలువుల ఎత్తు బండ మీంచి వానాకాలం నీళ్ళు దూకేవి. దాన్ని ఆయన జలపాతం అంటే నాకు నవ్వాగేది కాదు. వానల్లో ఎర్రగా, చలికాలంలో సన్నటి దారంలా, ఎండలు ముదిరితే ఒట్టి బండ. అన్ని కాలాల్లోనూ తీసేవాడు. మా చర్చివాళ్ళు బైబిల్ వాక్యాలతో వేసే క్యాలెండర్‌లో ఏటా ఆయన ఫోటో ఒకటైనా పడేది. ఆ నెల పేజీ చింపనిచ్చేవాడు కాదు.

ఒక వేసవిలో ఒక్కడే వెళ్ళి తెచ్చిన ఫోటో చూసి చర్చి అంతా మురిసిపోయింది. ఆకురాలిన చెట్ల మధ్య పాలలాంటి తెల్లటి ధార! మే నెల పేజీకి ఇదేనన్నారు పాస్టరుగారు. ఎక్కడో ఏదో అతికించాడని నేను అనుకున్నాను. ఆ వారమే ఆయన్ను వెంటబెట్టుకొని వెళ్ళాను.

నీళ్ళు నిజంగానే దూకుతున్నాయి. కింద గుండం నిండా నురగ, ముక్కు మండే వాసన.

"ఇంత వాసనొస్తుంటే ఎట్ల తీసినవ్ చిన్నాయనా?"

"ఆ దినం నాకు సర్ది ఉండె బిడ్డా."

గట్టున ఒకామె కర్ర అడ్డం పెట్టి మేకల్ని ఆపుతోంది. "దూపకు తాగి రెండు మేకలు సచ్చినయ్ సారూ. గుట్టెన్క ఫ్యాక్టరోళ్ళు ఇడుస్తున్న నీళ్ళివి. నువ్వేమో ఫోటోలు తీస్కుంట పోతున్నవ్."

చిన్నాయన ముఖం చూడలేకపోయాను. క్యాలెండర్‌కు ఇవ్వనని పాస్టరుగారికి చెప్పి, అదే ఫోటోను అర్జీతో పాటు అధికారులకు ఇచ్చాడు. చాలా బాగుంది, ఇది ఏ ఊరి దగ్గర అని అడిగారట. నీళ్ళ కోసం గుట్టలెక్కిన మనిషి, అప్పటి నుంచి ప్రతి మే నెలలో బండ ఎండి కనబడాలని ఎక్కుతున్నాడు. ఇన్నేళ్ళుగా తడి బండ ఫోటోలే పంపాడు.

ఆగలేక ఫోన్ చేశాను. "ఇయ్యాల్టిదేనా?"

"ఇయ్యాల్టిదే బిడ్డా. సంబురంగనే ఉంది గాని నమ్మబుద్ధైతలేదు. రేపు జల్దీ పోయి మళ్ళ సూస్త. నువ్వొస్తవా?"

వస్తానన్నాను. రేపు కూడా బండ ఎండిపోయే ఉంటే బాగుండు. కానీ వానలు పడ్డాక దూకే నీళ్ళనైనా మేం మునుపటిలా నమ్ముతామా? ఒకప్పుడు కాలం మారిందని ఆకాశం చూసి తెలుసుకునేవాళ్ళం, ఇప్పుడు వెళ్ళి వాసన చూసి రావలసి వస్తోంది.