నానమ్మ ఎవరి కిందికి వస్తుంది?

నా చిన్నప్పుడు మేం కొండాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. చుట్టూ అద్దాల ఆఫీసులు అప్పుడప్పుడే లేస్తున్నాయి. మా వీధి చివరి పెద్దరోడ్డు దాటితే మండలం మారిపోయేది, పోలీసు ఠాణా మారిపోయేది. దేశం రాష్ట్రాలుగా, రాష్ట్రం జిల్లాలుగా, జిల్లా మండలాలుగా ఉంటుందని, అదంతా పరిపాలన సౌకర్యం కోసమని బళ్లో గడగడా అప్పజెప్పేదాన్ని.

మాతో ఉండే నానమ్మకు మతిమరుపు. ఒక ఎండాకాలం పొద్దున, అమ్మ నీళ్లు పట్టుకుంటుండగా గేటు తీసుకుని వెళ్లిపోయింది. నాన్న పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. నానమ్మ రోడ్డు దాటుతుంటే చూశానని కూరగాయలావిడ చెప్పింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు పరుగెత్తింది.

“రోడ్డు దాటిందంటున్నరు గదా. అది మా కిందికి రాదమ్మా,” అన్నాడు అక్కడి పోలీసాయన.

అవతలి ఠాణాకు వెళ్లాం. “మీ ఇల్లు ఆ పక్కది. అక్కడనే రాయించాలె,” అన్నారు.

“పెద్దావిడండీ, తన పేరు కూడా చెప్పుకోలేదండీ,” అంటూ అమ్మ చేతులు జోడించింది. ఫలితం లేకపోయింది. బయటికొచ్చి, ఎటు అడుగు వేయాలో తెలియక రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చింది. అమ్మ ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.

దవాఖానలో రాత్రి డ్యూటీ చేసి వస్తున్న పక్కింటి నర్సు అక్క మమ్మల్ని చూసి ఆటో దిగింది. సంగతి విని, “ఠాణాల సంగతి తర్వాత. ఇగ మనమే ఎతుకుదాం పా, వదినా,” అంది.

రోడ్డుకు రెండు వైపులా గల్లీలన్నీ తిరిగాం. మధ్యలో నేను అడిగాను, నానమ్మ ఎవరి కిందికి వస్తుందని. అక్క ఆగి నా చెయ్యి పట్టుకుంది.

“మన కిందికొస్తది బిడ్డా. ఈడున్నోళ్లను వీళ్లు, ఆడున్నోళ్లను వాళ్లు చూస్కోవాలనే గా గీతలు గీసిర్రు. మనిషిని ఇడిచిపెట్టనీకి గాదు.”

సాయంత్రానికి, కడుతున్న ఒక మేడ పక్కన ఇసుకగుట్టకు ఆనుకుని నానమ్మ కనిపించింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. అక్క తన చున్నీ తడిపి ఆమె నుదుటిమీద వేసింది. “మా ఊరి బస్సు వచ్చిందా అమ్మా?” అని నానమ్మ కోడలినే అడిగింది. దవాఖానలో చేర్చినా ఎండదెబ్బ నుంచి ఆమె తేరుకోలేదు. నాన్న అక్కడికి చేరేసరికి మాట పడిపోయింది. ఆ వారమే వెళ్లిపోయింది.

నా జుట్టులోనూ ఒకటి రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయిప్పుడు. దారిలో ఎవరైనా దిక్కుతోచక నిలబడి కనిపిస్తే, ముందు నీడకు తీసుకెళ్లి మంచినీళ్లిస్తాను. ఏ ఊరని, ఎవరి తాలూకని ఆ తర్వాతే అడుగుతాను.