లష్కర్ లేని కాలువ

కాలువ కట్ట మీద నడిచి నడిచి పరశురాములు నడకే మారిపోయింది. చదును నేల మీద కూడా ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. తిరుమలగిరి అవతలి ఊళ్లకు నీళ్లిచ్చే కాలువకు ముప్పై ఒక్క ఏళ్లు ఆయనే లష్కర్. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, మరలకు గ్రీజు పెట్టడం, ఎలుకలూ ఎండ్రికాయలూ తొలిచిన బుంగలు పూడ్చడం ఆయన పని. చివరి మడికి నీళ్లు చేరాయని రైతు కేకేసి చెబితే గానీ ఇంటికొచ్చి బువ్వ తినేవాడు కాదు.

తెలంగాణ వచ్చిన మూడో ఏడు రిటైరయ్యాడు. ఆఫీసులో శాలువా కప్పారు.

"నా జాగల ఎవరొస్తున్నరు సారూ?" అని అడిగాడు.

ఇంజనీరు విజేందర్ పెదవి విరిచాడు. "కొత్తోళ్లను తీసుకుంటలేరు పెద్దాయనా. నాకే మూడు సెక్షన్లు అంటగట్టిండ్రు. జర ఓపిక పట్టాలె."

ఓపిక పట్టింది పరశురాములే. మర్నాడు పొద్దున్నే అలవాటుగా కాళ్లు కట్ట వైపే లాగాయి. ఆ తర్వాత ఏడేళ్లు జీతం లేని కొలువు చేశాడు.

"మోకాళ్లు అరిగిపాయె. సర్కారుకు లేని ఫికర్ నీకెందుకయ్యా?" అని భార్య కృష్ణమ్మ తిట్టేది. ఆయన నవ్వి చెప్పులేసుకునేవాడు. ఆఫీసు నుంచి గ్రీజు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇంట్లో మిగిలిన వంటనూనె సీసాలో పోసుకొని పోయేవాడు.

ఆ ఎండాకాలం రెండో తూము దగ్గర కట్టకు పెద్ద బుంగ పడింది. ఇసుక బస్తాలు వేశాడు. కాగితం రాయించుకొని మూడుసార్లు ఆఫీసుకు పోయాడు.

"ఎస్టిమేట్ పంపిన. మంజూరు కావాలె గదా," అన్నాడు విజేందర్. అబద్ధమేం కాదు. బల్ల మీద అలాంటి కాగితాలు గుట్టగా ఉండడం పరశురాములు కళ్లారా చూశాడు.

ఆగస్టులో నందికొండ సాగర్ డ్యాం నుంచి నీళ్లు వదిలిన వారానికే ముసురు పట్టింది. పొద్దున్నే కట్ట మీదికి పోయేసరికి బస్తాల సందుల్లోంచి బురదనీళ్లు ఉబికి వస్తున్నాయి. ఎగువన షట్టర్ దించితే కాలువలో నీళ్లు తగ్గుతాయి. పరుగెత్తాడు. హ్యాండిల్ పట్టుకొని ఒంట్లోని బలమంతా పెట్టాడు. ఎంత వంటనూనె పోసినా తుప్పు పట్టిన మర నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. కేకలు వేశాడు. మనిషి వచ్చేలోపే గండి పడింది.

ఆ కిందనే ఎల్లేశం మూడెకరాలు. నాటు వేసి పది రోజులు కాలేదు. పొలం పక్కన గొర్ల దొడ్డి. చిన్నప్పుడు ఎల్లేశం, పరశురాములు కలిసి గొర్లు కాసినవాళ్లు. మనుషులు బతికారు గానీ పద్దెనిమిది గొర్లు కొట్టుకుపోయాయి. మళ్లలో మోకాలెత్తు ఇసుక మేట వేసింది.

మధ్యాహ్నానికి పెద్ద సారు జీపు దిగాడు. "ఇక్కడ లష్కర్ ఎవరు?"

"ఎవ్వరు లేరు సార్. పోస్టు ఖాళీ," అన్నాడు విజేందర్ తల దించుకొని.

గుంపులోంచి పరశురాములు ముందుకొచ్చాడు. "నేనే సారూ."

సంగతి విని పెద్ద సారు ఎగాదిగా చూశాడు. "రిటైరైనోనివి, షట్టర్ ముట్టుకోమని నీకెవరు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు.

జీపు పోయాక ఎల్లేశం దగ్గరికొచ్చాడు. "నిన్ను అనబుద్ధి కాదు పరశా. గని నువ్వున్నవన్న ధీమాతోనే మేమెవ్వరం నోరు తెరువలే. లష్కర్ ఏడని ఒక్కనాడన్న ఆఫీసు ముంగట కూసుంటే గిట్లయ్యేదా?"

తిట్టినా బాగుండేది. ఏడేళ్లు తను చేసింది మంచో చెడో పరశురాములుకు తెలియకుండా పోయింది. కృష్ణమ్మ పళ్లెం ముందు పెడితే చేయి కడుక్కున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

ఇసుక తీయించే తాహతు లేక ఎల్లేశం మిగిలిన గొర్లు అమ్మేసి దేవరకొండ దగ్గర ఇటుక బట్టీలో పనికి బయలుదేరాడు. పరశురాములు అడగకుండానే అతని మూట ఎత్తుకొని బస్సు దాకా మోశాడు. ఎల్లేశం వద్దనలేదు. బస్సెక్కి అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు.

బస్సు పోయింది. కృష్ణమ్మ వచ్చి చెయ్యి పట్టుకొనేదాకా పరశురాములు ఆ రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు.