ఎర్ర కుచ్చుల చెట్టుకు నేను పెట్టిన ఎరువు

మా పెరట్లో మూడు బాటిల్ బ్రష్ చెట్లున్నాయి. చలి తగ్గేసరికి కొమ్మకొమ్మకూ ఎర్రటి కుచ్చులు వేలాడతాయి. చూసినవాళ్ళు "ఏం ఎరువేస్తవన్నా?" అని అడుగుతారు. నీళ్ళు తప్ప ఏమీ వేయనంటే నమ్మరు. దుకాణదారు గుట్టు దాచుకుంటున్నాడనుకుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు. మునక్కాయలు కొంటే కరివేపాకు రెబ్బ కొసరు గుంజుకోకుండా ఇల్లు చేరని మనిషిని, ఇంత మంచి సంగతి ఉత్తపుణ్యానికి చెబుతానంటే ఎవరు నమ్ముతారు?

ఆ మూడూ నేను చంపిన చెట్టు పిల్లలు.

బోధన్‌లో మాది కిరాణా దుకాణం. బాపు నాకు లెక్కల కంటే ముందు బేరం నేర్పాడు. కొనేటప్పుడు ధర తెగకపోతే వదిలేసి నడవాలి. ఒకటి, రెండు, మూడు అడుగులు. నాలుగో అడుగు దగ్గర చెప్పు సర్దుకుంటున్నట్టు వంగాలి. అమ్మేవాడు మనసు మార్చుకోవడానికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వాలి. "అగో, గప్పుడు పిలుస్తడు" అనేవాడు బాపు. పిలిచేవాళ్ళు కూడా. మెండోర పసుపు రైతులను, అంగట్లో మరాఠీ మాట్లాడే ఉల్లిగడ్డల వాళ్ళను, గాజులమ్మే ఆమెను, అందర్నీ ఆయన ఆ వంగుడుతోనే గెలిచాడు. నేనూ అద్దం ముందు నిలబడి ఆ వంగుడు సాధన చేసినవాణ్ణే.

సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తలో ఒకసారి రుద్రూర్‌లో చుట్టాల పెళ్ళి చూసుకుని ఎడ్లబండి మీద తిరిగి వస్తున్నాం. నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయి. దారిలో మొక్కలమ్మే ఒక ముసలి చాచా తోట దగ్గర నన్ను కన్న అవ్వ బండి ఆపమంది. చెరుకు తోటల పచ్చదనం మధ్య ఒక్క చెట్టు నిప్పంటుకున్నట్టు పూసి ఉంది. అవ్వ దిగి ఒక కుచ్చును వేలితో తాకింది. వేలికి అంటిన ఎర్రటి పొడిని చీర కొంగుకు తుడుచుకోలేదు, అలాగే చూసుకుంది.

"గీ ఎర్ర కుచ్చుల చెట్టు మనింట్ల ఉంటే మంచిగుండు" అంది.

మా అవ్వ నోట "కావాలి" అన్న అర్థం వచ్చే మాట నేను విన్నది అదొక్కసారే.

బాపు తన పనిలో పడ్డాడు. "ఏం చాచా, గీ పుల్లకు గంత ధరా?"

"పుల్ల గాదు సేఠ్. నాలుగేండ్లాగు, నీ ఇంటి ముందట దుల్హన్ లెక్క నిలబడ్తది."

"దుల్హన్ వద్దు తియ్యి, ఇంట్ల ఒకామె ఉంది. సగం జెయ్యి."

"ఏక్ దామ్, సేఠ్."

నాలుగణాల తేడాతో బేరం కుదరలేదు. బాపు వెనక్కి తిరిగాడు. నాలుగో అడుగు దగ్గర వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. నేను ఓరగా చూస్తే చాచా డబ్బా ముంచి పక్క మొక్కకు నీళ్ళు పోస్తున్నాడు. బాపు లేచి బండెక్కాడు. ధర నిలబెట్టాడని నేను లోపల మురిసిపోయాను కూడా.

"పోనియ్యి, మల్లొచ్చినప్పుడు సూద్దాం" అంది అవ్వ.

ఆ వానాకాలం జ్వరం వచ్చి తొమ్మిది రోజుల్లో అవ్వ పోయింది.

దినాలు అయిన మర్నాడు బాపు ఎవరికీ చెప్పకుండా బయలుదేరి, సాయంత్రానికి చంకలో మొక్కతో వచ్చాడు. ఎంతకిచ్చాడని అలవాటు కొద్దీ అడిగాను. "అడిగినంత" అన్నాడు. కొసరు ఏమిచ్చాడని అడగబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాను.

ఆ చెట్టును ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. మొదటి రెండేళ్ళు పొద్దున్నే చెంబెడు నీళ్ళు. వేళ్ళు ఊనుకున్నాక ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, అంతే. మాది నల్లరేగడి, నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుందని చుట్టూ మట్టి ఎత్తి కట్టాడు. పూత వాడగానే పొట్లాల దారం కత్తిరించే దుకాణం కత్తెర తెచ్చి, వాడిన కుచ్చుకు సరిగ్గా కింద కత్తిరించేవాడు. ఆకులేని ముదురు కొమ్మ జోలికి వెళ్ళేవాడు కాదు, అక్కడ కోస్తే మళ్ళీ చిగురు రాదని చాచా చెప్పాడట. చేతికి అందని కొమ్మల మీద మాత్రం కాయలు ధనియాలు అతికించినట్టు గుత్తులుగా ఏళ్ళ తరబడి అలాగే ఉండేవి. నాలుగో ఏట పూసింది. ఆ రోజు దుకాణం తెరవలేదు. కారణం అడిగిన గిరాకీలకు నడుము నొప్పని చెప్పించాడు.

తర్వాత కొన్నేళ్ళకు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం నమిలినట్టు వచ్చేది. మంచం చెట్టుకు ఎదురుగా అరుగు మీద వేయించుకున్నాడు. పొద్దంతా అటే చూపు. తేనెపిట్టలు వచ్చి కుచ్చుల్లో ముక్కు పెడుతుంటే ఎడమ చేతి వేళ్ళు కదిలించేవాడు. మింగుడు పడని గంజి ఆ వేళకు రెండు గుక్కలు ఎక్కువ తాగేవాడని నా భార్య కనిపెట్టింది. ఆయనకు ఈ లోకంతో మిగిలిన లావాదేవీ ఆ చెట్టొక్కటే.

నాకు అప్పజెప్పినప్పుడు ఒకే మాట చెప్పాడు. "నీళ్ళు పొయ్యి. ఇంకేం పెట్టకు."

నేను వ్యాపారం తెలిసినవాణ్ణి కదా. ఉన్న చెట్టు రెట్టింపు పూస్తే బాపు ఇంకో నాలుగు గుక్కలు తాగుతాడని లెక్క వేశాను. చెరుకు ఆడే రోజులు. చక్కెర ఫ్యాక్టరీలో రసం వడగట్టగా మిగిలే నల్లటి మడ్డిని బయట కుప్ప పోస్తారు, రైతులు పొలాలకు తోలుకుంటారు. రెంజల్ నుంచి చెరుకు తెచ్చే బండాయన మా గిరాకీయే. తిరుగు బండి ఖాళీగానే పోతోంది కదా, ఒక బండెడు మా ఇంట్లో పోసి పొమ్మన్నాను.

ఆయన తల గోక్కున్నాడు. "అన్నా, గది ఇయ్యాల్నే దిగిన మడ్డి. ఉడుకు మీదుంది. ఏడాది మాగినంక ఏస్తెనే మంచిది."

ఇక్కడే నేను మోసపోయాను, అదీ నా తెలివితోనే. పుట్టినప్పటి నుంచీ నేను విన్న మాటలన్నీ బేరం మాటలే. మంచిది కాదంటే ఇవ్వడం ఇష్టం లేదని అర్థం, తర్వాత రమ్మంటే ధర పెంచుతాడని అర్థం. ఈయన బండి శ్రమ తప్పించుకోవడానికి వంక పెడుతున్నాడనుకున్నాను.

"ఏడాది దాంక నిన్నెవడు పట్టుకుంటడే? ఇయ్యాల్నే పొయ్యి. పావు చాయపత్త నా దిక్కుకెల్లి."

టీపొడి పొట్లం తీసుకుని ఆయన పోశాడు. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంకో బండి కొసరు అడిగాను.

నా భార్య తలుపు దగ్గర నిలబడి, "బాపు ఏం పెట్టొద్దన్నడు గదా?" అంది.

"ముఫ్తుల వచ్చింది ఇడుస్తరా ఎవరన్న?"

మోకాలి ఎత్తున మొదలు చుట్టూ పోశాను. బాపు నిద్రలో ఉన్నాడు. మర్నాడు పొద్దున ఆ కుప్ప మీద నుంచి సన్నగా ఆవిరి లేచింది. పులిసిన వాసన. చెయ్యి పెడితే చురుక్కుమంది. ఎరువు బాగా పని చేస్తోందని సంతోషించాను. బాపు ఆ కుప్పను చూసి ఏదో అన్నాడు. అర్థమైనా కానట్టు, "మంచి ఎరువు బాపు" అని దుకాణానికి వెళ్ళిపోయాను.

వారం తిరగకముందే చిగుళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. తర్వాత ఆకుల కొనలు మాడాయి. భయపడి మడ్డి అంతా పారతో లాగేశాను. వేడి చల్లారాలని బిందెలకు బిందెలు కుమ్మరించాను. నల్లరేగడిలో నీళ్ళు నిలిచాయి. వేడికి మిగిలిన వేళ్ళను నీళ్ళు తిన్నాయి.

బాపు చూస్తున్నాడు కదా, చెట్టు సంగతి తర్వాత, ముందు ఆ చూపును తప్పించాలనిపించింది. పుచ్చిన సరుకు గిరాకీ కంట పడకుండా లోపల పెట్టడం మాకు కొత్త కాదు. ఎండ ముఖాన కొడుతోందని చెప్పి బాపు మంచం లోపలి గదిలోకి మార్పించాను. అక్కడి నుంచి గోడ తప్ప ఏమీ కనబడదు.

రోజూ రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక అడిగేవాడు.

"పూసిందా?"

"పూసింది బాపు. నిండ పూసింది."

"పిట్టలు?"

"వస్తున్నయ్. గుంపులకు గుంపులు."

నేను సరుకు మెచ్చుకుంటున్న తీరు ఆయనకు తెలియనిది కాదు. ఒక రోజు చెవి అటు పెట్టి, "చప్పుడు ఇనొస్తలేదు" అన్నాడు. గోడ అడ్డమని చెప్పాను. తలాడించాడు. ఆ రోజు నుంచి గంజి ఒక గుక్క తగ్గింది. తర్వాత ఇంకొకటి. నా భార్య మిగిలిన గంజి గిన్నె తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి మంచం అరుగు మీద ఉంది. ఆయన అడగ్గా నా భార్య తానొక్కతే ఈడ్చుకొచ్చింది. ఎదురుగా చెట్టు ఆకు లేకుండా నిలబడి ఉంది. ఎండిన కొమ్మల మీద కాయలు నోళ్ళు తెరుస్తున్నాయి. నశ్యం కంటే సన్నటి గింజలు అరుగు మీద, బాపు దుప్పటి మీద రాలుతున్నాయి. వాటిని పొట్లం కట్టి తడి ఇసుక మీద చల్లడం చాలా రోజుల తర్వాతి మాట. ఆ రోజు నాకవి దుమ్ములాగే కనిపించాయి.

బాపు చూపు నా మీదికి తిప్పలేదు.

మంచం పక్కన కూర్చుని నేను మొదలుపెట్టాను. "ఇంకోటి తెస్త బాపు. గా చాచా తోట ఇంకున్నది. వాని కొడుకు సూస్కుంటున్నడట. రెండు తెస్త. ఎంతడిగితే అంతిస్త."

ఆయన ఎడమ చేతి వేళ్ళు దుప్పటి మీది గింజలను తడిమాయి.

"మడ్డి మంచిదనుకున్న బాపు. మస్తు పూస్తది అనుకున్న."

పెదవి ఒక పక్క కదిలింది. "గది... మీ అవ్వ అడిగింది" అన్నాడు.

ఇంకేమైనా అంటాడని చూశాను. తిట్టినా బాగుండేది, తిట్టుకు జవాబు చెప్పుకోవచ్చు, కాళ్ళు పట్టుకోవచ్చు, ఎక్కడో ఒక దగ్గర తెగుతుంది. ఆయన మాత్రం నెమ్మదిగా తల గోడ వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత బతికిన నెల రోజుల్లో చెట్టు మాట ఎత్తలేదు.

నేను లేచి తలుపు వైపు నడిచాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర వంగాను. కాళ్ళకు చెప్పులు లేవు, వచ్చేటప్పుడే అరుగు కింద విడిచాను. అయినా వంగి ఉత్త పాదం సర్దుకుంటూ చాలాసేపు అలాగే ఉన్నాను.

వెనక నుంచి పిలుపు రాలేదు.