పది నిమిషాల్లో హూబహూ

ఆ రోజుల్లో మా రైల్వే కాలనీలో ఆర్టిస్టు అనిపించుకోవడానికి పెద్దగా ఏమీ రానక్కర్లేదు. గీసిన గుర్రం మరీ గాడిదలా కనిపించకపోతే చాలు, పిలిచి టీ ఇచ్చేవారు. నాకు గుర్రం కూడా రాదు. నాకు వచ్చిందల్లా ఒక్క మొహం. బియ్యం మిల్లు సేఠ్ దీపావళికి పంచిపెట్టిన కేలండరు మా ముందుగదిలో వేలాడుతూ ఉండేది. అందులోని లక్ష్మీదేవి మొహాన్ని గళ్లు కొట్టి, స్కేలు పెట్టి కొలిచి, గీసి, చెరిపి, మళ్లీ గీసి, చివరికి కళ్లు మూసుకున్నా చేతికి వచ్చేటంత సాధించాను. (హయ్యర్ సెకండరీ తప్పడానికి లెక్కలు కారణమని మా మాస్టారు అనుకునేవారు. కాదు, ఆ తల్లి కనురెప్పలు.) పందొమ్మిదేళ్ల వయసులో ఒక్కటి వస్తే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. కాబట్టి నాకు లోకంలో ఉన్న మొహాలన్నీ వచ్చేసినట్టే అనుకున్నాను.

మా నాన్న వేగన్లు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. పలాస దగ్గర పల్లె నుంచి రాయపూర్ వచ్చి ఇరవై ఏళ్లైనా ఆయన నోట్లో తెలుగు శ్రీకాకుళంలోనే ఉండిపోయింది, మధ్యమధ్య హిందీ మాత్రం వచ్చి చేరింది. నేను కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా, "బొమ్మలేసుకుంటే బువ్వెలగొస్తాదిరా? ఫాల్తూ పని! ఆ సాబ్‌తోటి ఒక్క మాట సెప్పించుకుంటే నీ నౌకరీ పక్కా అయిపోద్ది గదా" అనేవాడు. ఆ సాబ్ అంటే కార్ఖానాలో నాన్న మీద ఫోర్‌మన్. ఉత్తరాది మనిషి. సుత్తితో చక్రం మీద కొట్టి చప్పుడు విని పగులుందో లేదో చెప్పేవాడట, మనుషులతోనూ దాదాపు అలాగే వ్యవహరించేవాడు. అందుకని అందరూ ఆయన్ని చాటుగా హథోడా సాబ్ అనేవాళ్లు. ఆయన నవ్వగా చూసినవాళ్లు కాలనీలో లేరు. నన్ను గురించి ఆయన దగ్గర నోరు విప్పడానికి నాన్న ఎన్నాళ్లనుంచో ధైర్యం కూడగట్టుకుంటున్నాడు.

ఆ చలికాలంలో కాలనీ ఆడవాళ్లు ఆనంద మేళా పెట్టారు. ఇంట్లో చేతులతో చేసింది ఏదైనా తెచ్చి అమ్ముకోవచ్చు. కుట్లు, అల్లికలు, పూసల బొమ్మలు, ఊలు స్వెట్టర్లు, మధ్యలో చాట్ దుకాణాలు. మా అక్క ముందూవెనకా చూడకుండా వెళ్లి నా పేరు మీద ఒక బల్ల తీసుకుంది. (అక్కకు నా కళ మీద ఉన్న నమ్మకం నాకే లేదు. ఆమె నాచేత చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించిన మనిషి కాబట్టి, నా చేతి పనితనమంతా తన ఘనతే అనుకునేది.) బోర్డు కూడా తనే రాయించింది, హిందీలో: "పది నిమిషాల్లో మీ హూబహూ చిత్రం". హూబహూ అంటే అచ్చు గుద్దినట్టు, వెంట్రుక తేడా లేకుండా. "అంత మాట ఎందుకే?" అన్నాను. "కొంచెం గట్టిగా రాయకపోతే ఎవడొస్తాడ్రా?" అంది. ఆ ఒక్క మాటే నన్ను ముంచింది.

బోణీ పక్క బల్ల ఆంటీది. దిండు గలేబుల మీద 'గుడ్ నైట్' అని ఎర్రదారంతో కుట్టి అమ్ముతోంది. గుండ్రటి మొహం, చిన్న ముక్కు. నేను ఆమె వంక తీక్షణంగా చూశాను, కాగితం వంక చూశాను, మళ్లీ ఆమె వంక చూశాను. చూడటమంతా చూశాక, గీసింది మాత్రం మిల్లు సేఠ్ గారి లక్ష్మీదేవిని. కిరీటం తీసేసి కొప్పు పెట్టాను. ఆంటీ కాగితం పట్టుకుని చాలాసేపు చూసింది. "పెళ్లైన కొత్తలో అచ్చం ఇలాగే ఉండేదాన్ని" అని నిట్టూర్చి, ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చింది. తరవాత కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ తన గంప పక్కన దించి కూర్చుంది. బొమ్మ చూసి పకపకా నవ్వి, "ఏ తో మోర్ అసన్ నఇ హే బాబూ, ఫేర్ అబ్బడ్ సుగ్ఘర్ హే!" అంది. నాలా లేదు గానీ భలే అందంగా ఉందని. ఆ రోజు మేళాలో నా కళను సరిగ్గా అంచనా వేసిన మనిషి ఆవిడొక్కతే.

ఇంక ఆడవాళ్లు వరసకట్టారు. ఒకావిడకు ముక్కుపుడక, ఒకావిడకు కళ్లజోడు, ఒకావిడకు బుగ్గమీద పుట్టుమచ్చ. మొహం అదే, సామాను వేరు. ఇద్దరు తోడికోడళ్లు తమ బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుని, "ఇద్దరం ఒకలాగే ఉన్నామేంటి?" అని అడిగారు. "ఒకే ఇంట్లో ఒకే వంట తింటే మొహాలు కలుస్తాయి వదినా" అంది అక్క, కన్నార్పకుండా. వాళ్లు నమ్మారు! నేనూ కాసేపు నమ్మాను. మనం నిజంగానే గొప్పవాళ్లమేమో అన్న అనుమానం నాలో మొదలైంది అప్పుడే. చొక్కా చేతులు పైకి మడిచాను. ఒక కన్ను మూసి, పెన్సిల్‌ని గాల్లో నిలువుగా పట్టుకుని కొలతలు తీయడం కూడా మొదలుపెట్టాను. (ఎందుకు తీస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.)

ఈ వరస సంగతి నాన్న చెవిన పడింది. ఫాల్తూ పని అన్న మనిషి నాన్నే, కానీ కొడుకు ముందు జనం బారులు తీరారంటే ఏ తండ్రికి మనసాగుతుంది? కాసేపటికి చూస్తే, నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు, పక్కన హథోడా సాబ్. "సాబ్, మేరా లడ్కా. బహుత్ అచ్ఛా డ్రాయింగ్ కర్తా" అంటున్నాడు నాన్న. నాతో తెలుగులో, "జాగర్తగా వెయ్యి నాయినా. నీ నౌకరీ ఇక్కడే ఉంది" అన్నాడు. సాబ్ బోర్డు చదివాడు. "హూబహూ?" అన్నాడు, చక్రం మీద సుత్తి పడ్డట్టు. కూర్చున్నాడు. కార్ఖానా మనుషులందరూ చాట్ దొన్నెలు పట్టుకుని చుట్టూ మూగారు.

ఆ మొహం చూస్తే మీకూ జాలి వేసేది, నా మీద. ఎప్పుడో విరిగి అతుక్కున్న ముక్కు, కళ్లజోడు వెనక లోతుకు పోయిన కళ్లు, రెండు బుగ్గల్నీ ఆక్రమించిన మీసం. ఈసారి ఎలాగైనా ఎదుట ఉన్నదే గియ్యాలని నా జీవితంలో మొదటిసారి నిర్ణయించుకున్నాను. చెయ్యి వినలేదు. కళ్లు గీస్తే తామర రేకులు వచ్చాయి. పెదవి గీస్తే చిరునవ్వు వచ్చింది. ఇంతలో అక్క నా చెవి దగ్గరకు వంగి, "ఒరే, జుంకాలు పెట్టేశావురా!" అని గొణిగింది. నిజమే, అలవాటు కొద్దీ రెండు చెవులకూ ముద్దొచ్చే జుంకాలు. గబగబా రబ్బరుతో తుడిచాను. ఇంక ఒకటే దారి, ఎంత మొహాన్ని కప్పగలదో అంత పెద్ద మీసం పెట్టెయ్యడం. పెట్టాను. మీసం మాత్రం హూబహూ వచ్చింది. వెనక నుంచి ఎవడో, "అరే, లక్ష్మీమాతకు మీసాలొచ్చాయిరోయ్!" అన్నాడు. నవ్వులు గుప్పుమన్నాయి. నాన్న నవ్వలేదు. ఆయన తల వంచుకుని తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. మేళాలో అంత గోలలోనూ ఆయన ఊపిరి నాకు వినిపించింది.

సాబ్ చెయ్యి చాచాడు. ఇచ్చాను. ఆయన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే నోళ్లు మూసుకున్నారు. చివరికి కాగితం నా ముందు పెట్టి, పెద్ద వేలు మీసం మీద ఆనించి, "ఇసే మిటావ్" అన్నాడు. చెరిపెయ్యమని. చెరిపాను. ఆ నల్లదనం పూర్తిగా పోలేదు, పై పెదవి మీద సన్నగా మసక మిగిలింది. "రహ్‌నే దో. థోడా సా థా" అన్నాడు. ఉండనీ, కొంచెం ఉండేది అని! ఎవరికి ఉండేదో నాకు అర్థం కాలేదు. తరవాత చెవి దగ్గర రబ్బరు మరక చూపించి, "ఝుమ్కా థా? ఫిర్ సే బనావ్" అన్నాడు. జుంకాలు మళ్లీ పెట్టాను. నెత్తిన కొంగు కప్పమన్నాడు, కప్పాను. అప్పుడు ఆ మనిషి కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎవరితోనో కాదు, కాగితంతోనే అన్నట్టు, "మేరీ మా" అన్నాడు, మా అమ్మ అని. తనకు ఏడేళ్లప్పుడే పోయిందట. ఫోటో లేదట. మొహం మరచిపోయాననే అనుకున్నాడట ఇన్నాళ్లూ.

"సాబ్, అది..." అని నోరు తెరిచాను. అక్క బల్ల కింద నా పాదం మీద తన పాదంతో నిలబడింది.

ఇంటికి నడుస్తూ నాన్న మెల్లగా, "నిజంగా ఆల్లమ్మలాగే ఉందంటావేటి?" అని అడిగాడు. "ఏమో నాన్నా." "నువ్వు సూడకుండా ఎలగేసినావురా మరి?" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి నా పట్ల ఒక మర్యాద వినిపించింది. దాన్ని పాడుచేసే ధైర్యం నాకు లేకపోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ఆదివారం హథోడా సాబ్ మిఠాయి పేడాల పొట్లం పట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ కుర్చీకి సరిగ్గా ఎదురుగా కేలండరు! అమ్మ "ఓలమ్మా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క దాని ముందు నిలబడి చూసింది గానీ, అక్క సన్నం, లక్ష్మీతల్లి రెండువైపులా కనిపిస్తూనే ఉంది. సాబ్ అక్కని పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. లేచాడు. దగ్గరకు వెళ్లాడు. కళ్లు, పెదవి, జుంకాలు, అన్నీ చూశాడు. తిరిగి నా వైపు చూసి, "యే భీ తుమ్‌నే బనాయా?" అన్నాడు. ఇదీ నువ్వే వేశావా అని.

నాన్న చేతులు జోడించి, "సబ్ మాతాకీ దయా హై సాబ్" అన్నాడు. అంతా ఆ తల్లి దయేనని ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు మరి.

సాబ్ మీసాల కింద ఏదో కదిలింది. నవ్వని మనిషి కాబట్టి అది నవ్వేనని ప్రమాణం చేసి చెప్పలేను. పేడా ఒకటి నా చేతిలో పెట్టి, "కార్ఖానా పెయింట్ షాప్‌లో మనిషి కావాలి, అర్జీ పెట్టించు" అని నాన్నతో అని, గుమ్మం దాకా వెళ్లి ఆగి, నాతో అన్నాడు: "లేకిన్ చెహరా నహీ. నంబర్ లిఖ్‌నా." మొహాలొద్దు, నంబర్లు రాయి. ఆయనకు అసలు సంగతి తెలిసిపోయిందా, లేక మేళాలో మిగతా బొమ్మలు చూసిన అనుభవమా, అడిగే వీల్లేకుండానే ఆయన రిటైరై ఊరికి వెళ్లిపోయాడు. బొమ్మకు అద్దం కట్టించి, సామాన్లతో పంపకుండా చంకలో పెట్టుకుని రైలెక్కాడని మాత్రం విన్నాను.

నేను నంబర్లు రాశాను. రిటైరయ్యేదాకా వేగన్ల మీద తెల్లరంగుతో నంబర్లు, బరువులు, తేదీలు రాశాను. ఈమధ్య ఒక సాయంత్రం గేటు పడితే స్కూటరు ఆపుకుని నిలబడ్డాను. గూడ్సు బండి వెళుతోంది. నా రాత ఉన్న వేగన్లు ఎప్పుడో తుక్కుకు వెళ్లిపోయి ఉంటాయి, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడెవడు? అయినా మెడ చాచి, ఒక్కో పెట్టె మీద ఎనిమిది అంకె కోసం వెతుకుతున్నాను. నా ఎనిమిదికి పై సున్నా కొంచెం కోలగా, కింది సున్నా కాస్త బుగ్గలా వచ్చేది. గార్డు పెట్టె కూడా పోయింది. గేటు లేచింది. వెనక ఆటో కుర్రాడు హారన్ కొట్టీ కొట్టీ, "ఓ కాకా, గాడీ నికల్ గయీ, అబ్ తో చలో!" అని అరిచాడు, బండి వెళ్లిపోయింది, ఇకనైనా కదలమని. నవ్వొచ్చింది. వెళుతున్నా నాయనా అని తెలుగులోనే అని, కిక్ కొట్టాను. మొదటి కిక్కుకు స్టార్టవలేదు.