పంతులమ్మతో కలిపి కట్టిన గోడ

మద్రాసు ప్రభుత్వం నాటి మాట. పెద్దారవీడులో మా అత్తవారి ఉమ్మడి కాపురం నుంచి వేరుపడి మార్కాపురం వచ్చాం. మా ఆయనకు పలకల కార్ఖానాలో పని. కొన్న స్థలం రెండిళ్ల మధ్య సందులా ఉండేది. అయినా అక్కడే ఇల్లు కట్టాలని నా పట్టుదల.

పంచాయతీ బోర్డు ఓవర్సీరు వచ్చి కొలిచాడు. "వీధి వైపు నాలుగు మూరలు, పక్కల మూరన్నర చొప్పున వదలాల" అని చెప్పి పోయాడు.

మా ఆయన నీరుగారిపోయాడు. "ఇంకేం మిగిలిందే? అమ్మేసి పోదాం."

"అమ్మేదేంది? ముందు చూడనీ" అన్నాను.

మిగిలిన జాగా చుట్టూ ముగ్గుతో గీత గీసి, అద్దింట్లోని మంచం, తిరగలి, కుండలు తెప్పించి అందులో సర్దాను. వీధిలో వాళ్లు నవ్వారు. నాకు మాత్రం లెక్క తేలిపోయింది. ఒక పక్క మూరన్నర కలిసొస్తే చాలు, మా సంసారం పట్టేస్తుంది.

నేరుగా బోర్డుకు పోయి అడిగాను. పక్కింటివాళ్లు ఒప్పుకుని ఇద్దరికీ ఒకటే గోడ కట్టుకుంటే ఆ వైపు వదలక్కర్లేదన్నాడు ఓవర్సీరు.

ఆ పక్కింట్లో మిషన్ బడి పంతులమ్మ ఒంటరిగా ఉండేది. మా వైపున్న ఆమె మట్టిగోడ అప్పటికే వానలకు నాని ఒరిగింది.

"రాతిగోడ కడదామక్కా, ఇద్దరికీ పనికొస్తది" అన్నాను.

"నాకిష్టమే. మీవాళ్లు ఒప్పుకుంటారా?" అందామె.

ఒప్పుకోలేదు. సంగతి తెలిసి మా అత్త బండి కట్టించుకుని వచ్చింది. "కిరస్తానం వాళ్లతో గోడ కలుపుతావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ నాకు జాగా ఇస్తారా అత్తా? ఆమె ఇచ్చింది."

అత్త మంచినీళ్లైనా ముట్టకుండా వెళ్లిపోయింది. మా ఆయన నా వంక చూసి, "ఇంక రాళ్లు తోలిద్దామా?" అన్నాడు. అంతకన్నా నాకేం కావాలి?

నల్లరాయీ సున్నమూ పెట్టి కట్టించాం. ఓవర్సీరు మళ్లీ వచ్చి కొలిచి, వంక పెట్టకుండా వెళ్లాడు. గృహప్రవేశానికి అత్త రాలేదు. పంతులమ్మ మాత్రం పొద్దున్నే వచ్చి పొయ్యి దగ్గర నాతో సమానంగా చెమటోడ్చింది.

ఎండలు ముదిరాక అత్త వచ్చింది. ఇల్లంతా కలియదిరిగి, ఆ గోడ మీద చెయ్యి ఆనించి చూసింది.

"చల్లగానే ఉందే" అని, కొంగు పరుచుకుని దాని పక్కనే నడుం వాల్చింది.

తొలకరి పడేదాకా ఆమె ఊరికి పోయే మాట ఎత్తలేదు.